తెడ్డు సాక్ష్యం

ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నేను సముద్రం మీద మూడు యంత్రాలను పరీక్షించాను. మూడింటికీ "రుజువు కాలేదు" అని రాసిచ్చాను. మొదటిది తుప్పు పట్టింది. రెండోది గొలుసు తెంచుకుని ఎటో వెళ్ళిపోయింది. మూడోది శుభ్రంగా పనిచేసింది గానీ, అది పుట్టించిన కరెంటు దాని మీదున్న దీపాలకే సరిపోయింది. అందుకని మా సముద్రశక్తి సహాయ విభాగంలో నా వెనక నన్ను 'కాలేదు కూర్మనాథరావు' అనేవాళ్ళు. నాకు తెలుసు. పెద్దగా బాధపడలేదు కూడా. ప్రభుత్వం ఒక పనికి చేయూతనివ్వాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని అనుమానించాలి కదా, ఆ పని నాది.

నాలుగో యంత్రాన్ని చూడ్డానికి జూన్ పదమూడున శ్రీకాకుళం తీరంలోని గెడ్డమూలపాలెం వెళ్ళాను. నా రిటైర్మెంటుకి ఇంకా తొమ్మిది నెలలుంది. మంచిగానో చెడ్డగానో ఇదే నా ఆఖరి రిపోర్టు అనుకున్నాను.

తుఫాను రక్షణ భవనం పై అంతస్తులో ఉంది వాళ్ళ ప్రయోగశాల. కిటికీలోంచి చూస్తే రెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రం మీద పసుపు పచ్చటి తేలుడు డబ్బాలు నలభై, నాలుగు వరసల్లో కదులుతున్నాయి. వాటికి ఇంజనీర్లు ఏదో పొడుగాటి పేరు పెట్టారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం బుర్రలంటారు. పూర్వం ఈత నేర్చుకునేవాళ్ళు నడుముకి కట్టుకునే ఎండిన ఆనపకాయ బుర్రల్లా ఉన్నాయని. చివరికి ఇంజనీర్లు కూడా బుర్రలనే అంటున్నారు.

ఆ బుర్రలను తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ మైలపిల్లి నూకరత్నం. అదే ఊరి పిల్ల, జాలరి ఎర్రయ్య కూతురు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. నమస్కారం పెట్టగానే కాఫీ కూడా ఇవ్వకుండా నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళి చేతిలో ఒక తాడు పెట్టింది. తాడు రెండో కొస నీళ్ళలో తేలుతున్న ఒక చిన్న బుర్రకి కట్టి ఉంది.

"గట్టిగా పట్టుకోండి సార్."

పట్టుకున్నాను. అల వచ్చింది. నేను మోకాళ్ళ మీద ఇసకలో పడ్డాను. ప్రభుత్వ అధికారిని మొదటి నిమిషంలోనే కింద పడేసిన శాస్త్రవేత్తను ఈవిడనే చూశాను.

"ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యండి. వదలండి... ఇంకా వదలండి... ఇప్పుడు బిగించండి. లాగండి!"

ఈసారి తాడు నా చేతిలో తేలిగ్గా జారింది, ఆ తర్వాత నేను లాగిన దానికి మూడింతల బలంతో బుర్ర ఒడ్డుకి వచ్చి పడింది. నాకు చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది.

"అంతే సార్ మా యంత్రం. అల వస్తోందని ముందే తెలిస్తే అది మన పని చేసిపెడుతుంది. తెలియకపోతే మనల్ని పడేస్తుంది. ఎనిమిది సెకన్ల ముందు తెలిస్తే చాలు."

"ఎలా తెలుస్తుంది?"

"వింటుంది. మా అయ్య దగ్గర నేర్చుకుంది."

ఆ ఊళ్ళో తెడ్డు వినేవాళ్ళు ఒకప్పుడు పది మంది ఉండేవాళ్ళట. పడవ ఇంజను ఆపి, తెడ్డు ఆకును నీళ్ళలోకి దింపి, పైన పిడికి చెవి ఆనించి వింటారు. కింద చేపల గుంపు ఉందో లేదో, ఉంటే ఏ చేపో, పెద్ద అల ఎటునించి లేస్తోందో ఆ కర్రలోంచి చెప్పేస్తారు. ఇప్పుడు మిగిలింది ఎర్రయ్య ఒక్కడే. నూకరత్నం పరిశోధన మొదలుపెట్టినప్పుడు తండ్రి తెడ్డుకి చిన్న మైకు బిగించి, అతను విన్నదంతా రికార్డు చేసి, 'ఇదేంటయ్యా, ఇదేంటయ్యా' అని ఒక్కొక్క చప్పుడునీ అడిగి రాసుకుంది. ఆ రాతలతోనే యంత్రానికి చదువు చెప్పింది.

"అయితే ఉత్తినే వింటే సరిపోలేదు సార్," అంది ఆమె మెట్లెక్కుతూ. "అందుకని ఈ ఏడాది కొత్తగా పిలుపు పెట్టాం. బుర్రలు వంతులవారీగా నీళ్ళలో టక్కుమని కొడతాయి. వస్తున్న అల ఆ చప్పుడుని ఎంత మార్చిందో వెనక వరస విని, తనను తాను సర్దుకుంటుంది. దాంతో కరెంటు బాగా పెరిగింది."

తెర మీద 124 కిలోవాట్లని ఉంది. మా పథకం నియమం ప్రకారం అరవై రోజుల పరీక్షలో ఏ రోజు సగటూ నూట ఇరవైకి తగ్గకూడదు. ఒక్కరోజు తగ్గినా విఫలమే. మే నెల తుఫానుకి తొమ్మిది రోజులు ఆగినందువల్ల, పరీక్ష జూన్ ఇరవై మూడు దాకా సాగుతోంది. అప్పటిదాకా ఒక్కరోజు కూడా తగ్గలేదు. నెగ్గితే నాలుగు వందల బుర్రలకి మంజూరు. పదకొండు ఊళ్ళకి, ఒక ఐసు ఫ్యాక్టరీకి కరెంటు. ఓడితే ఏడేళ్ళ పని మూటగట్టి అటక మీద పెట్టుకోవడమే.

"పరీక్ష ఎప్పుడూ వేట నిషేధం రోజుల్లోనే పెట్టుకుంటాం సార్. పడవలు తిరగవు, వలలు తగులుకోవు," అంది.

మంచి ఆలోచన అని నేనే మెచ్చుకున్నాను. నోట్సులో కూడా రాసుకున్నాను. ఇప్పుడు ఆ కాగితం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం. నిషేధం రెండు నెలలూ తాజా చేప ఉండదు కాబట్టి, నూకరత్నం తల్లి పోలమ్మ ఎండు నెత్తళ్ళు వంకాయ కూర వండింది. వడ్డిస్తూనే నా మీద విచారణ పెట్టింది.

"మా పాప మిషను మంచిదేనా బాబూ? రాసేత్తారా?"

"ఇంకా పది రోజులుందమ్మా."

"ఎనకటి పెద్ద తుపానుకి ఇరవై మూడు రోజులు కరెంటు నేదు. ఐసంతా కరిగిపోనాది. గంపల కొద్దీ సేపలు గొయ్యి తీసి పాతీసినాం. అప్పుడు దీనికి పన్నెండేళ్ళు. 'ఇంత సముద్రం ఊరికే కొట్టుకుంటంది కదమ్మా, దానికి పని సెప్పలేమా' అన్నాది. అప్పటి మాట ఇది."

ఎర్రయ్య అన్నం తింటూ కూతురి వైపు ఒకసారి చూశాడు. అంత గర్వం ఆ ముఖంలో పట్టనట్టుంది, వెంటనే తల దించుకున్నాడు.

నిషేధం ముగిసింది. పదిహేనో తారీఖు తెల్లవారగానే పడవలకి పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి, ఊరు ఊరంతా వేటకి వెళ్ళింది. రెండు నెలలు చేపలు హాయిగా పెరిగి ఉంటాయి కాబట్టి తొలి వేటలో వలలు చిరిగేలా పడతాయని అందరూ ఎదురుచూస్తున్నారు. ఆడవాళ్ళు గంపలతో ఒడ్డున బారులు తీరారు. పది గంటలకి పడవలు వచ్చాయి. ఒక్కో పడవలో ఒక గంపెడు కూడా లేవు.

"తొలిరోజు కదా," అన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. పైనున్న ఊళ్ళ పడవలకి కానాగంత చేపలు విరగబడుతున్నాయని ఫోన్లు వస్తున్నాయి. ఈ పాలెం ముందు మాత్రం సముద్రం ఊడ్చిపెట్టినట్టుంది.

పద్దెనిమిదో తారీఖు పొద్దున ఎర్రయ్య తెడ్డు భుజాన వేసుకుని ప్రయోగశాలకి వచ్చాడు. లోపల నూకరత్నం, ఆమె దగ్గర పనిచేసే ఇంజనీరు రసూల్, నేను ఉన్నాం.

"నీ బుర్రలు ఒకదాన్నొకటి పిలుసుకుంటన్నాయమ్మా," అన్నాడు.

"పిలుచుకుంటాయి అయ్యా. కానీ అది చాలా చిన్న చప్పుడు. మనిషి చెవికి అందదు."

"మైకులో అందదేమో. తెడ్డులో అందతాది. మూడు రోజులై ఇంటన్నాను. టక్, టక్, టక్. దాని కిందన ఇంకేటీ ఇనబడదు. సేపల సద్దే నేదు."

"అయ్యా, నీళ్ళు వేడెక్కాయేమో. ప్రవాహం మారిందేమో. అన్నిటికీ నా మిషనేనా?" ఆమె గొంతు లేచింది.

ఎర్రయ్య నా వైపు తిరిగాడు. "బాబూ, తవురు ఎవులి పక్కా కాదు. ఒక్కపాలి రండి. ఇనండి. తవురు నేదంటే నేదు."

నేను పడవ ఎక్కడం అదే మొదటిసారి. సముద్రశక్తి విభాగంలో ముప్పై రెండేళ్ళు పనిచేసి పడవ ఎక్కలేదంటే సిగ్గుచేటే, కానీ మాకు ఫైళ్ళన్నీ ఒడ్డుకే వచ్చేవి. ఒక చేత్తో అంచు పట్టుకుని, ఇంకో చేత్తో కళ్ళద్దాలు పట్టుకుని, పొద్దుటి ఇడ్లీలు సముద్రానికి సమర్పించి, బుర్రల దగ్గరికి చేరాను. నూకరత్నం ఎదురుగా కూర్చుంది. ఎర్రయ్య ఇంజను ఆపి, తెడ్డు దింపి, పిడి నా చెవి దగ్గర పెట్టాడు.

మొదట నా గుండె చప్పుడే వినిపించింది. తర్వాత వచ్చింది, టక్. నేను ఎనిమిది లెక్కపెట్టేలోపు మళ్ళీ టక్. ఎవరో పక్కగదిలో గోడకి మేకు కొడుతున్నట్టుంది. నలభై బుర్రలు, ఒకదాని తర్వాత ఒకటి, పగలూ రాత్రీ ఆగకుండా.

నేను తెడ్డు ఆమెకిచ్చాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. చాలాసేపు విన్నది. చిన్నప్పుడు ఈ తెడ్డు మీదే చెవి పెట్టుకుని నిద్రపోయేదట, తర్వాత ఎర్రయ్య చెప్పాడు.

"పాత రికార్డుల్లో అలల కింద చేపల చప్పుళ్ళుండేవి," అంది చివరికి. "ఇప్పుడు లేవు. మూడేళ్ళూ నిషేధంలోనే పరీక్ష పెట్టాను. నీళ్ళలో ఒక్క తెడ్డు కూడా లేనప్పుడు. ఎవరు చెబుతారు నాకు?"

ఎర్రయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నాను ఊళ్ళో ఎవులికీ సెప్పలేదు. మీ అమ్మక్కూడా. ఇంకా ఐదు రోజులే కదమ్మా. ఓర్సుకుంటాం. నీ మిషను నెగ్గనీ."

"ఆ తర్వాత నాలుగు వందలు వస్తాయి అయ్యా."

"అప్పుడు సూద్దాం."

 కడుపు కొట్టే యంత్రం కూతురిది కాబట్టి, ఆ మనిషి తన పళ్ళెం తనే పక్కకి జరుపుకుంటున్నాడు. సాయం అంటే ఏమిటో రాసే ఉద్యోగం నాది. అంత సాయం నేను ఏ ఫైల్లోనూ చూడలేదు.

ఒడ్డుకి వచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. రసూల్ మంచినీళ్ళు తెచ్చాడు.

"పిలుపు ఆపేస్తే ఎంతొస్తుంది?" అడిగాను.

"నూట నాలుగు, నూట ఆరు. పోయినేడాదే అంత వచ్చింది. కానీ మీకు నూట ఇరవై కావాలి కదా సార్. ఆ పైనున్న పదహారు కోసమే ఏడాదంతా కష్టపడి ఈ పిలుపు కనిపెట్టాం." ఆమె నా వైపు చూసింది. "ఎప్పటినించో అడగాలనుకుంటున్నాను. నూట ఇరవై ఎందుకు సార్? ఊళ్ళ అవసరం మేమూ లెక్కగట్టాం. వంద సరిపోతుంది. మాకు తెలియని కారణం ఏదో ఉందా?"

కారణం ఉంది. ఏడేళ్ళ కిందట, ఆ నియమాలు తయారుచేసిన రోజు, నిపుణుల సంఘం వంద అని రాసి పంపింది. దాన్ని శుభ్రంగా తిరగరాయాల్సింది నేను. పది అడిగితే ఎనిమిది తెస్తారు, కాబట్టి పన్నెండు అడగాలి అన్నది మా ఆఫీసులో అందరికీ అలవాటు. గుమాస్తాగా చేరిన మొదటి వారంలోనే నేర్చుకున్నాను. టీ తాగుతూ వందను కొట్టేసి నూట ఇరవై అని రాశాను. ఎవరూ అడగలేదు. నాకు మళ్ళీ గుర్తు కూడా రాలేదు.

అబద్ధం చెప్పొచ్చు. సాంకేతిక కారణాలు అంటే సరిపోతుంది. కానీ చెవిలో ఇంకా ఆ టక్ టక్ వినిపిస్తోంది. మేకు కొడుతున్నవాడు ఎవడో నాకిప్పుడు తెలిసింది.

"కారణం ఏమీ లేదమ్మా," అన్నాను. "ఆ ఇరవై నేను కలిపాను. ఊరికే."

ఆమె మొదట నవ్వింది. తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. రసూల్ నన్ను చూసిన చూపుకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నేను క్షమించమని అడిగాను. అడిగాను గానీ ఆ మాట ఎంత చిన్నదో నాకే తెలిసింది.

కాసేపటికి లేచి ముఖం కడుక్కుంది. పైకి వెళ్ళి, మా ఇద్దరి ముందే, పిలుపు ఆపేసింది. తెర మీద అంకె పడిపోవడం మొదలుపెట్టింది. నూట పదహారు, తొంభై తొమ్మిది, మళ్ళీ నూట రెండు, నూట నాలుగు. అక్కడ నిలబడింది.

"రాసుకోండి సార్," అంది. "యాభై ఐదో రోజు, సగటు తగ్గింది."

ఆ సాయంత్రం ఊళ్ళోవాళ్ళని పిలిచి తనే అంతా చెప్పింది. కొందరు తిట్టారు. ఒక ముసలామె 'మన పిల్లే మన నోట్లో ఇసక కొట్టింది' అంది. నూకరత్నం తల వంచుకుని విన్నది. పోలమ్మ మాత్రం కొంగు బిగించి లేచింది. "తప్పు సేసినాది, వచ్చి సెప్పినాది. మీ తప్పు మీలో ఎవులు సెప్పినారు ఇన్నాళ్ళలో?" అంది. ఆ తర్వాత తిట్లు తగ్గాయి.

చేపలు వెంటనే రాలేదు. మర్నాడు లేవు. మూడో రోజు అరగంప. ఆరో రోజుకి ఎర్రయ్య వల బరువుగా లేచింది. నేను ఆ రోజు దాకా ఉండిపోయాను. మా ఆఫీసు నించి రోజుకి రెండు ఫోన్లు వచ్చాయి.

రిపోర్టు అక్కడే, తుఫాను భవనంలో కూర్చుని రాశాను. పదకొండు పేజీలు. యంత్రం యాభై నాలుగు రోజులు నూట ఇరవై దాటిందని, యాభై ఐదో రోజు నించి నూట నాలుగు ఇచ్చిందని, ఎందుకు తగ్గిందో, తగ్గించింది ఎవరో, ఆ తగ్గడం వల్ల ఏం తిరిగొచ్చిందో రాశాను. పదో పేజీలో, నూట ఇరవై అన్న అంకెకి ఏ ఆధారమూ లేదని, నిపుణులు చెప్పిన వందకి ఇరవై కలిపింది ఈ రిపోర్టు రాసిన అధికారేనని రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ రాయడానికి మూడు రోజులు పట్టింది. ఆఖరి పేజీలో, ముప్పై రెండేళ్ళలో మొదటిసారి, "రుజువైంది" అని రాశాను.

మా డైరెక్టరు ఫోన్ చేశారు. "కూర్మనాథరావుగారూ, పదో పేజీ తీసేయండి. మిమ్మల్ని మీరే ఇరికించుకుంటున్నారు."

"అది తీసేస్తే ఆ అమ్మాయి ఓడిపోయినట్టవుతుంది సార్."

 "సరే, పంపండి," అన్నారు.

నిర్ణయానికి ఏడు నెలలు పట్టింది. జనవరిలో ఒకే రోజు రెండు కవర్లు వచ్చాయి. ఒకటి నాకు, బాధ్యతారాహిత్యానికి సంజాయిషీ అడుగుతూ. రెండోది గెడ్డమూలపాలేనికి. వంద కిలోవాట్లే అర్హతగా సవరించి, తరవాతి దశకి మంజూరు. మొదట నాలుగు వందలు కాదు, ఎనభై బుర్రలు, ఆ పైన చూసి మిగతావి. కొత్తగా రెండు నియమాలు చేర్చారు. ఇకపై ఏ తీరంలోనైనా అలల యంత్రమైనా ఆటుపోట్ల యంత్రమైనా వేట సాగే రోజుల్లోనే పరీక్షించాలి. ఆ ఊరి జాలరి ఒకరు నీళ్ళలోకి వెళ్ళి, విని, సంతకం పెడితేనే యంత్రం పనిచేసినట్టు లెక్క. నా సంజాయిషీ నేను రాసుకున్నాను. రెండో కవరు నకలు మాత్రం మడత పెట్టి జేబులో దాచుకున్నాను.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం. అప్పటికి నేను రిటైరై ఏడాది కావస్తోంది. పెద్దలందరూ వచ్చారు, షామియానా వేశారు, మైకులో పాటలు. నన్నెవరూ పిలవలేదు, నేనే బస్సెక్కి వెళ్ళాను. నూకరత్నం దూరం నించే చూసి, వచ్చి నా చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి తీసుకెళ్ళింది.

సంతకం పెట్టాల్సిన జాలరి ఎర్రయ్య. అధికారి ఒకాయన కాగితం అందించాడు. ఎర్రయ్య తీసుకోలేదు.

"ఇంకా ఇనలేదు కదా బాబూ."

"అయ్యో, ముహూర్తం దాటిపోతోందయ్యా. వేలిముద్ర వేసెయ్, తర్వాత విందువు గాని."

"ఇన్నాకే," అన్నాడు ఎర్రయ్య. తెడ్డు భుజాన వేసుకుని పడవ వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "కూర్మనాథరావుబాబూ, రండి. నాకు రాత రాదు, తవురు రాద్దురు గాని."

షామియానా కింద పెద్దలందరూ గంటసేపు మా కోసం ఎదురుచూశారు. ఈసారి నాకు వాంతి కాలేదు. ఎనభై బుర్రలు మా చుట్టూ అలల మీద లేస్తూ వాలుతూ ఉన్నాయి, ఏమీ మాట్లాడకుండా. ఎర్రయ్య ఇంజను ఆపాడు. తెడ్డు దింపి చాలాసేపు విన్నాడు. తర్వాత పిడి నా చెవి దగ్గర పెట్టాడు.

పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టు వినిపించింది. సన్నగా, ఎడతెగకుండా, ఎంతో దూరం దాకా.

"ఏంటది?"

"రొయ్యలూ, సిన్నా సితకా. ఆటి ఎనకాల, గోనెసంచి ఈడ్సినట్టు ఒక సద్దుంది, ఇనబడ్డాదా? అది కానాగంతల గుంపు."

నాకు వినపడలేదు. అయినా నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒళ్ళో కాగితం పెట్టుకుని, కలం మూత తీసి, గడులు నింపడం మొదలుపెట్టాను. పేరు, ఊరు, తేదీ, వేళ. ఆఖరి గడిలో 'వినిపించిన గుంపుల సంఖ్య' అని ఉంది.

"ఎన్ని రాయమంటావు ఎర్రయ్యా?"

అతను మళ్ళీ చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచాడు.

"మూడు బాబూ."

మూడు అనే రాశాను, ఏమీ కలపకుండా.